పన్ను ఊడిన దువ్వెన

జహరా నుంచి సిటీలోకి ముప్పావుగంట.
ఎండకి కారు సీటు పెనంలా ఉంది.
ఉమ్ ముత్లక్ తొంభై ఏళ్ల ఒంటిని
చక్రాల కుర్చీలోకి దించడం నా పని,
అబాయా అంచు చక్రంలో పడకుండా చూడటం నా పని,
మందుల సంచీ, నీళ్ల సీసా, ఖర్జూరాల డబ్బా నా పని.
మ్యూజియం చూడటం
నా పనుల్లో లేదు. అయినా కళ్లు ఊరుకుంటాయా.

లోపల చలి. ఒక గోడ నిండా
పదహారు మూరల గుడారపు తెర:
ఎరుపు, నలుపు, విరిగిన పాల తెలుపు.
మనవరాలు లులువా పక్కనున్న చీటీ చదివింది.
తెగ పేరు ఉంది.
ఏ ఏడు దొరికిందో ఉంది.
కొన్న చమురు కంపెనీ ఇంజినీరు పేరు ఉంది.
మ్యూజియానికి ఇచ్చినాయన పేరు,
వాళ్ల నాన్న పేరు, తాత పేరు.
నేసినచోట ఒకటే మాట: మజ్‌హూల్.

ముసలామె చెవి వెనక చెయ్యి పెట్టి మళ్లీ చదివించుకుంది.
"మజ్‌హూలా కూడా కాదా?"
నాది వంటింటి అరబ్బీ. అర్థం కావడానికి కాసేపు పట్టింది.
తెలియనిది అని కూడా రాయలేదు,
తెలియనివాడు అని రాశారు.

గుడారం నేసిన మగాణ్ణి
ఇన్నేళ్లలో ఒక్కణ్ణీ చూడలేదే అని నవ్వితే
కట్టుడుపళ్లు కదిలాయి.
కుర్చీ ముందుకు నెట్టమంది. ఇంకా. ఇంకా.
నేలమీది గీత దాటించాను.
కాపలా కుర్రాడు, సిల్హెట్ వాడు, చూసి
గడియారం వైపు తిరిగాడు.

నడిమి పట్టీ మీద వేలు పెట్టింది.
ఇది కత్తెర. ఇది పాము. ఇది ఒంటె మూపురం.
ఇది దువ్వెన, పళ్లు లెక్కపెట్టు.
ఏడుండాల్సినచోట ఆరు.
మా పిన్ని నువైర్.
జింకకొమ్ముతో పోగు బిగిస్తుంటే
గుడారం వెనక పిల్లాడు ఏడ్చాడు.
లేచింది. పాలిచ్చి వచ్చింది.
వచ్చేసరికి లెక్క తప్పింది.

విప్పి మళ్లీ నెయ్యొచ్చుగా అన్నాను.
నన్ను వింతగా చూసింది.
"ఎందుకు? పిల్లాడు ఏడ్చింది నిజమే కదా."
ఆ పిల్లాడు ఇప్పుడెక్కడ, లులువా అడిగింది.
ముసలామె ఖర్జూరాల డబ్బా మూత తీసి
మళ్లీ పెట్టింది.

రాత్రి వాషింగ్ మెషీన్ పక్కన నా పక్క.
నిద్ర రాలేదు.
మాది కాళహస్తి. గుడ్డమీద బొమ్మలేసే ఇల్లు.
పాలల్లో కరక్కాయ కలిపి గుడ్డ ముంచేది మా అత్త మునెమ్మ.
కసింకారం కుండ పులిసిందాకా కాపు కాసేది ఆమె.
స్వర్ణముఖిలో మోకాటిలోతున నిలబడి
తడిగుడ్డ బరువు మోసేది మేము.
మామ గీత గీస్తాడు, ఆడాళ్లు రంగు నింపుతారు
అని చెప్పేవాళ్లు వచ్చినవాళ్లకి,
నింపడమంటే గ్లాసులో నీళ్లు నింపినట్టు.
ద్రౌపది చీర మడతలన్నీ నింపిన చేత్తోనే
పొయ్యిలోకి పిడక తోశాను.

ఢిల్లీలో శాలువా కప్పిన ఫోటోలో
కుడి అంచున అత్త మోచెయ్యి పడింది.
ఫ్రేము కట్టేవాడు కత్తిరించేశాడు.

ఆ గుడ్డలు ఇప్పుడెక్కడున్నాయో,
ఏ గోడమీద, ఎంత చలిలో.
ఎదురుగా నన్ను నిలబెట్టినా
ఇది నాదని
వేలు ఎక్కడ పెట్టను?
అంత జాగ్రత్తగా నింపాను.
ఒక్క ఆకుని కూడా గీత దాటనియ్యలేదు.

శుక్రవారం ఫోన్లో నా కూతురు ప్రసూన:
అమ్మా, కొత్త గుడ్డొచ్చింది, చిలకల అంచు,
తాత గీసి, సంతకం కూడా పెట్టేసి పడుకున్నాడు.

ఒక చిలకకి కన్ను పెట్టొద్దు అన్నాను.
తాత తిడతాడమ్మా.
తిట్టనీ.
కొనేవాళ్లు తప్పంటారు.
అననీ. ఏ చిలకో మాత్రం నాకు చెప్పు.

అవతల కాసేపు మాట లేదు,
ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు.
"ఎడమనించి పదకొండోది."

మందుల చీటీ వెనక రాసుకున్నాను.